చుంగ్ థు రాత్రికి పిల్లలతో సిద్ధం కావడం ఎలా

వియత్నాంలో ఎనిమిదో చాంద్రమాసపు పున్నమి పిల్లలది. ఆ పండగని తెట్ చుంగ్ థు అంటారు. కొత్త సంవత్సరం పండగ అంత పెద్దది కాదు, ప్రభుత్వ సెలవు కూడా ఉండదు. పెద్దవాళ్లు ఆఫీసుల నుంచి, పిల్లలు బడి నుంచి ఇంటికొచ్చాకే సందడి మొదలవుతుంది. ఆ రోజు చూసుకుందాంలే అనుకుంటే ఏ పనీ తెమలదు. నేను తెనాలి దగ్గర పుట్టి హనోయికి అల్లుడినైనవాణ్ణి. ఈ పండగ నాకు నేర్పింది మా అత్తగారు. ఆవిడది నామ్ దిన్ వైపు పల్లెటూరు. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఉత్తరాది ఇళ్ల పద్ధతి. దక్షిణాన సైగాన్ వైపు కొన్ని తేడాలుంటాయి.

తేదీ కోసం మన పంచాంగంలో భాద్రపద పున్నమి దగ్గర చూసినా చాలాసార్లు సరిపోతుంది. 2024లో సెప్టెంబర్ 17న వచ్చింది, అదే రోజు హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం. 2026లో సెప్టెంబర్ 25, శుక్రవారం, అదీ అనంత చతుర్దశి నాడే. 2025లో మాత్రం వాళ్ల క్యాలెండర్‌లో ఆరో నెల రెండుసార్లు వచ్చింది, అందుకని పండగ అక్టోబర్ 6కి జరిగింది. వాళ్లకీ అధికమాసం ఉంది, అది మనకి వచ్చిన ఏడే రావాలని లేదు.

ముందు ఏం కొనాలో, ఏం ఇంట్లో చెయ్యాలో తేల్చుకోండి. పండగకి నెల ముందే హనోయి ఫుట్‌పాత్‌ల మీద ఈ పండగకి తినే కేకుల డబ్బాలతో ఎర్ర, పసుపు రంగు స్టాల్స్ వెలుస్తాయి. వాటి పక్కనే బ్యాటరీతో పాడుతూ మెరిసే ప్లాస్టిక్ లాంతర్లు. పిల్లలకి అవి నచ్చుతాయి, కాదనను. కానీ స్విచ్ నొక్కడం తప్ప వాటితో వాళ్లకి ఇంకో పని ఉండదు. చుంగ్ థు వచ్చిందంటే పిల్లల చేతులకి జిగురు అంటుకోవాలని మా అత్తగారి పట్టుదల. నేనూ ఇప్పుడు ఆ పక్షమే. కేకులు కొనండి. లాంతరు పిల్లలతో చేయించండి. పంపర పనస తొనలతో చేసే కుక్క బొమ్మని అందరూ కూర్చుని చెయ్యండి. ఇంకా ఓపిక మిగిలితే కాల్చక్కర్లేని తెల్ల కేకులు కూడా ఇంట్లోనే.

లాంతరు పని పండగకి వారం పది రోజుల ముందు, ఒక ఆదివారం పెట్టుకోండి. అయిదు కొమ్ముల చుక్క లాంతరుని డెన్ ఓంగ్ సావ్ అంటారు. నామ్ దిన్ దగ్గర బావ్ డాప్ అనే ఊరు వీటికి తరాలుగా పేరు మోసింది. 1954లో దేశం రెండు ముక్కలైనప్పుడు ఆ ఊరి వాళ్లు కొందరు దక్షిణాదికి తరలిపోయి సైగాన్‌లో ఫూ బిన్ అనే పేటలో స్థిరపడ్డారు. అక్కడా ఇదే పని మొదలుపెట్టారు, దాంతో అదీ లాంతర్ల పేట అయింది.

కావలసినవి ఇవి: 40 సెంటీమీటర్ల వెదురు బద్దలు పది, 7 సెంటీమీటర్ల పొట్టి పుల్లలు అయిదు, సన్న బైండింగ్ వైరు లేకపోతే రబ్బరు బ్యాండ్లు, ఎర్ర, పసుపు, ఆకుపచ్చ సెల్లోఫేన్ కాగితం, పట్టుకోవడానికి ఒక కర్ర. జిగురుకి మైదా ఉడికిస్తే చాలు. బద్దల్ని ముందే గరుకు కాగితంతో రుద్దండి, పేళ్లు గుచ్చుకుంటే పిల్లలు మళ్లీ ఆ పని ముట్టుకోరు.

చెయ్యి ఎత్తకుండా చుక్క బొమ్మ గీస్తాం చూడండి, అదే ఆకారంలో అయిదు బద్దలు పేర్చండి. ఒక బద్ద పైనుంచి పోతే పక్కది కిందనుంచి పోవాలి. కొసల దగ్గర వైరు చుట్టండి. ఇలాంటివే రెండు చుక్కలు తయారయ్యాక ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొసలూ కలిపి కట్టండి. ఇప్పుడు బద్దలు ఒకదాన్నొకటి దాటే లోపలి అయిదు చోట్ల, రెండు చుక్కల మధ్య పొట్టి పుల్లల్ని నిలబెట్టాలి. చదునుగా ఉన్నదానికి పొట్ట వస్తుంది. పిల్లలు దీనికోసమే కాచుకుని ఉంటారు. వెదురు బిగువుకి పుల్ల ఎగిరి ముఖానికి తగలొచ్చు, అందుకని మొదటి మూడు మీరు పెట్టి చివరి రెండూ వాళ్లకి వదలండి.

కాగితం అతికించే ముందు కొవ్వొత్తా, బల్బా తేల్చుకోండి. కొవ్వొత్తి అయితే కింది పుల్లకి వైరుతో చిన్న చుట్ట కట్టి అందులో నిలపాలి, పై కొమ్ము దగ్గర కాగితం మూయకుండా వదిలెయ్యాలి, వేడి బయటికి పోవడానికి. కొవ్వొత్తి లాంతరు పట్టుకుని పరిగెత్తకూడదని పిల్లలకి చెప్పినా పరిగెత్తుతారు. మా అత్తగారు కొవ్వొత్తే కావాలంటారు, మా అపార్ట్‌మెంట్ కమిటీ బల్బే కావాలంటుంది. అందుకని పల్లెకి వెళ్లిన ఏడు కొవ్వొత్తి, హనోయిలో ఉన్న ఏడు బల్బు. నాలుగేళ్ల పిల్లలకి కాగితం కుచ్చులు కత్తిరించే పని, ఏడెనిమిదేళ్ల వాళ్లకి వైరు చుట్టే పని ఇస్తే సరిపోతుంది. సెల్లోఫేన్ ముడతలు పడితే పడనివ్వండి. మీరు సరిచెయ్యబోతే ఆ లాంతరు మీది అయిపోతుంది.

డెన్ కేవ్ క్వాన్ అని ఇంకో రకం ఉంది. కొవ్వొత్తి వేడికి లోపల కాగితపు చక్రం తిరుగుతుంది, దానికి కట్టిన సైనికుల నీడలు బయటి కాగితం మీద ఊరేగింపుగా పోతుంటాయి. ఇంట్లో చెయ్యడం కష్టం. పండగ ముందు వారాంతాల్లో హనోయిలోని మానవజాతి మ్యూజియంలో, థాంగ్ లాంగ్ కోటలో ఇలాంటి పాత బొమ్మలు చేసి చూపిస్తారు, పిల్లల చేతా చేయిస్తారు. కాగితపు గుజ్జు ముసుగులు, రంగు పిండితో చేసే తో హె బొమ్మలు కూడా అక్కడే చూడొచ్చు. లాంతర్ల బజారు హాంగ్ మా వీధికి వెళ్లాలనుకుంటే వారం ముందు, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. పండగ ముందు రాత్రుళ్లు అక్కడ పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నా దారి దొరకదు.

కేకులు రెండు రకాలు. బాన్ నూంగ్ ఓవెన్‌లో కాల్చినది. బాన్ జెవ్ తెల్లగా, మెత్తగా ఉంటుంది, దాన్ని కాల్చరు. తామర పువ్వు, చేప, పిల్లల కోసం పందిపిల్లలు, ఇలా అచ్చుల్లో చాలా ఆకారాలు. పాతకాలం మిశ్రమంలో తామర గింజలు, పంచదార పట్టిన బూడిద గుమ్మడి, నువ్వులు, సన్నగా తరిగిన నిమ్మాకు, తీపి సాసేజ్, పంది కొవ్వు ఉంటాయి. చాలా వాటి మధ్యలో ఉప్పులో ఊరిన బాతు గుడ్డు పచ్చసొన. శాకాహారులు డబ్బా మీద ‘చాయ్’ అని ఉన్నవే తీసుకోవాలి. పెసరపప్పు కేకే కదా అని ధీమాగా కొనకండి. అందులోనూ పంది కొవ్వు కలిపేవాళ్లున్నారు, పైన గుడ్డు పూత మామూలే. థుయ్ ఖ్వే వీధిలో బావ్ ఫూంగ్ దుకాణం ముందు పండగ రోజుల్లో పెద్ద క్యూ ఉంటుంది. దానికోసం పిల్లల్ని నిలబెట్టడం దండగ అని నా ఉద్దేశం. ఎలాగూ ఆఫీసు నుంచి ఒకటి, చుట్టాల నుంచి ఒకటి డబ్బాలు వస్తూనే ఉంటాయి. ఒక కేకుని ఎనిమిది ముక్కలు కోసి టీతో తింటారు, అంతకంటే ఎక్కువ తినలేరు. పిల్లలైతే పైన పువ్వు అచ్చు ఉన్న చోట కొరికి వదిలేస్తారు.

ఇంట్లో చెయ్యాలంటే తెల్లదే తేలిక, ఓవెన్ అక్కర్లేదు. లోపల పెట్టేది దాదాపు మన బొబ్బట్ల పూర్ణం లాంటిదే. పావుకిలో చాయ పెసరపప్పు మూడు గంటలు నానబెట్టి ఉడికించి, మెత్తగా రుబ్బి, 150 గ్రాముల పంచదార, మూడు చెంచాల నూనె వేసి మూకుడుని వదిలేదాకా కలపండి. పైపిండికి బేకింగ్ దుకాణాల్లో అమ్మే వేయించిన జిగురు బియ్యప్పిండి కావాలి. పచ్చి పిండి వద్దు, ఎందుకంటే ఈ కేకుని తర్వాత ఉడికించం. దొరక్కపోతే జిగురు బియ్యప్పిండిని సన్న సెగ మీద వేయించి జల్లించుకోండి. పంచదార, నీళ్లు సమానంగా మరిగించి బాగా చల్లారబెట్టండి, అందులో కొన్ని చుక్కలు పంపర పనస పూల నీళ్లు. పాకంలో పిండి కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే మెత్తగా వచ్చేదాకా కలపాలి. ఒక వంతు పూర్ణానికి రెండు వంతుల పిండి. అచ్చులో పొడిపిండి చల్లి, ఉండ పెట్టి గట్టిగా నొక్కి తియ్యండి. అచ్చు నొక్కే పని మొత్తం పిల్లలదే. మర్నాటికి ఇంకా మెత్తబడి బాగుంటాయి, రెండు మూడు రోజుల్లో తినెయ్యాలి. చిన్నపిల్లలకి చిన్న ముక్కలే ఇవ్వండి, గొంతులో అతుక్కుంటుంది.

ఇక పళ్లెం. దీన్ని మమ్ కో అంటారు. పంపర పనస, పెర్సిమన్, సీతాఫలం, మచ్చలు పడేదాకా మగ్గిన అరటిపళ్లు, రెండు రకాల కేకులు. హనోయిలో అయితే కోమ్ తప్పనిసరి. లేత జిగురు వడ్లని వేయించి దంచి చేసే పచ్చటి అటుకులవి, వాంగ్ అనే ఊరివి పేరున్నవి, తామరాకులో కట్టి అమ్ముతారు. పాత ఇళ్లలో కాగితంతో చేసిన పండితుడి బొమ్మని కూడా పళ్లెంలో కూర్చోబెడతారు, పిల్లలు బాగా చదువుకోవాలని. మా అమ్మాయికి ఆ బొమ్మంటే పడదు, దాని ముఖం కుక్క వెనక కనబడకుండా తిప్పి పెడుతుంది.

కుక్క అన్నాను కదా. పండగ రోజు సాయంత్రమే చెయ్యాలి, ముందు చేస్తే ఎండి వాడిపోతుంది. పంపర పనస తొనల పైపొర చీల్చి వెనక్కి మడిస్తే లోపలి గింజల్లాంటి గుజ్జు బొచ్చులా విచ్చుకుంటుంది. పండు తొక్కనో, పెద్ద క్యారెట్‌నో ఒంటి ఆకారంలో కోసి, దాని మీద ఈ తొనల్ని టూత్‌పిక్‌లతో తోకవైపు నుంచి వరసగా గుచ్చుతూ రండి. కళ్లకి నల్ల చిక్కుడు గింజలు, నాలుకకి ఎర్ర మిరపకాయ ముక్క. పండు రసం ఎక్కువ ఉన్నదైతే బొచ్చు కారిపోతుంది, పొడిగా ఉండే రకం అడిగి కొనండి. టూత్‌పిక్‌లు ఎన్ని గుచ్చారో లెక్కపెట్టుకోండి, తినేటప్పుడు అన్నీ బయటికి రావాలి.

పంపర పనస గింజలు పారెయ్యకండి. పైతొక్క తీసి, సన్న తీగకి గుచ్చి ఎండబెడితే దీపాల్లా వెలిగించొచ్చు. ఎండటానికి రెండు మూడు వారాలు పడుతుంది, అంటే ముందే పండు తిని గింజలు కూడబెట్టాలి. అత్తగారి చిన్నప్పుడు ఊళ్లో కరెంటు లేదు, ఇవే వాళ్ల దీపాలు. చిటచిటమంటూ కాలతాయి, వాసన కూడా బాగుంటుంది. పెద్దవాళ్లు పక్కనుండాలి.

ఆ రాత్రి వరస ఇలా ఉంటుంది. ముందు పళ్లెం పూర్వీకుల పీఠం దగ్గర పెట్టి అగరొత్తులు వెలిగిస్తారు. అవి కాలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, పిల్లలకి ఇదే పరీక్ష. ఈ ఖాళీలో కథ చెప్పండి. చందమామలో మర్రిచెట్టు కింద కూర్చున్న కువోయ్ కథ ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. చచ్చినవాళ్లని బతికించే మర్రిచెట్టు అతనికి దొరుకుతుంది. మంచి నీళ్లే పొయ్యమని భార్యకి చెబుతాడు, ఆవిడ మరిచిపోయి మురికి నీళ్లు పోస్తుంది. చెట్టు వేళ్లతో సహా లేచి పైకి ఎగురుతుంది, ఆపబోయిన కువోయ్ వేరు పట్టుకుని దాంతోపాటే చంద్రుడి మీదికి పోతాడు. మా పిల్లలు తెలుగు నానమ్మ తాతలతో మాట్లాడేటప్పుడు చందమామలో కుందేలుందంటారు, ఇక్కడ కువోయ్ ఉన్నాడంటారు. ఇద్దరికీ చోటు ఉంది.

తర్వాత లాంతర్ల ఊరేగింపు. బస్తీ కమిటీలు, అపార్ట్‌మెంట్ కమిటీలు పిల్లల పేర్లు ముందే రాసుకుని మిఠాయి పొట్లాలు పంచుతాయి, కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు వారం ముందే కింద ఆఫీసులో పేరు ఇవ్వండి. డప్పులు, సింహం వేషం, దాని ముందు విసనకర్రతో బొజ్జ వేషగాడు ఓంగ్ డియా. చిన్నపిల్లలు సింహానికి భయపడతారు, మొదటి వరసలో నిలబెట్టకండి. ఇంటికొచ్చి, చంద్రుడు పైకొచ్చాక పళ్లెం మీద పడతారు. కుక్కని మొదట ఎవరు పీకాలన్నది ముందే తేల్చకపోతే గొడవ ఖాయం.

సెప్టెంబర్ అంటే ఇక్కడ తుఫాన్ల కాలం. 2024 సెప్టెంబర్ 7న యాగి తుఫాను ఉత్తరాదిని ముంచెత్తింది. పది రోజులకి వచ్చిన పండగని చాలా ఊళ్లు, బడులు రద్దు చేసుకుని ఆ ఖర్చుని వరద బాధితులకి పంపాయి. మామూలు వాన అయితే మాత్రం టెన్షన్ పడొద్దు, లిఫ్ట్ వరండాల్లోనే ఊరేగింపు నడిపించొచ్చు, పిల్లలకి అది ఇంకా ఇష్టం.

పండగ దాటిన మర్నాడు స్టాల్స్‌లో ఒక కేకు కొంటే మూడు ఉచితం అనే బోర్డులు పెడతారు. గడువు తేదీ చూసి కొనండి. లాంతరుకి కాగితం చింపేసి, మధ్యలో పొట్టి పుల్లలు అయిదూ లాగేస్తే చుక్క మళ్లీ చదునవుతుంది. బీరువా వెనక నిలబెట్టుకుంటే వచ్చే ఏడు కాగితం, జిగురు ఉంటే చాలు. పుల్లల్ని ఒక రబ్బరు బ్యాండ్ వేసి దానికే కట్టెయ్యండి, విడిగా పెడితే దొరకవు.