బ్రహ్మదండి పాలతో మొదలుపెట్టండి

గసగసాల మొక్కకు అడవి చుట్టాలు చాలామందే ఉన్నారు. ఒక్కోదాని పాలలో ఒక్కో మందు. ఆ తేడా చూడటానికి బెంగళూరులో ఇంటి పక్క ఖాళీ సైటు, ఒక పూలకుండీ చాలు.

నేను కె.ఆర్.పురం వైపు డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. మాది హిందూపురం. చలి తగ్గగానే మా వీధి చివరి సైటులో బ్రహ్మదండి పసుపుపచ్చగా పూస్తుంది. ఇక్కడివాళ్లు దత్తూరి అంటారు. ఆ మాట విని మన ఉమ్మెత్త అనుకోకండి, ఇది మెక్సికో నుంచి వచ్చిన గసగసాల కుటుంబపు మొక్క. మందపాటి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. రెండేళ్ల క్రితం ఉత్త చేత్తో లాగి, ముళ్లు తీయించుకోవడానికి మా అత్తగారి ముందు సాయంత్రమంతా చెయ్యి చాపి కూర్చున్నాను.

కత్తెరతో కాడ కోయండి. క్షణంలో పసుపు నీళ్లలాంటి పాలు ఊరతాయి. ఫిల్టర్ పేపర్ మీద ఒక చుక్క అద్ది, ఆరాక చీకటి గదిలో నోట్లు చూసే యూవీ టార్చ్ వేయండి. మచ్చ పసుపుపచ్చగా మెరుస్తుంది. అది పాలలోని బెర్బరిన్ అనే పదార్థం పని. మా పిల్లలు ప్రతిసారీ "మేడమ్, ఇంకోసారి!" అంటారు. టార్చ్ వెలుగు కళ్లలోకి పడనివ్వకండి, పాలు కంటికి తగలనివ్వకండి.

ఇప్పుడు కుండీ. అక్టోబరులో నర్సరీలో షర్లీ పాపీ విత్తనాలు అడగండి. పాపీ అంటే గసగసాల జాతి మొక్కే, ఇది యూరప్ చేలల్లో కలుపుగా మొలిచే ఎర్ర పాపీ నుంచి వచ్చిన రకం. విత్తనం దుమ్ములా ఉంటుంది కాబట్టి ఇసుకలో కలిపి పైపైన చల్లండి, మట్టి కప్పొద్దు. మొక్కను పీకి ఇంకోచోట నాటితే బతకదు. దీని కాడ కోస్తే తెల్ల పాలు. గసగసాల మొక్కవీ తెల్ల పాలే, కానీ ఎర్ర పాపీలో ముఖ్యమైన మందు రోయాడిన్, గసగసాల మొక్కలో నొప్పి తగ్గించే మార్ఫిన్. ఇరాన్ కొండల్లోని బ్రాక్టియేటమ్ అనే పాపీలో అయితే థెబైన్. రంగు చూసి మందు చెప్పడం కుదరదన్నమాట.

నోట్‌బుక్‌లో పక్కన క్రోమోజోముల లెక్క రాసుకోండి. ఎర్ర పాపీకి 14, గసగసాల మొక్కకు 22, బ్రహ్మదండికి 28. గసగసాల మొక్క దగ్గరి అడవి చుట్టం సెటిజెరమ్‌కు సాధారణంగా 44. నాకు వీటన్నిటికంటే నచ్చేది గసగసాల మొక్కలోని STORR అనే జన్యువు కథ. విడివిడిగా ఉండాల్సిన రెండు జన్యువులు అతుక్కుని ఒక్కటయ్యాయి. ఆ అతుకు వల్లే రెటిక్యులిన్ అనే పదార్థం రూపం మారి మార్ఫిన్ దారి పడుతుంది. ఎర్ర పాపీలో ఆ అతుకు లేదు. ఒకే కుటుంబపు చుట్టాలే అయినా, ఒకదానికి ఆ దారి మూసే ఉంది!

బ్రహ్మదండి కాయ ఎండి పగిలాక నాలుగు గింజలు, నాలుగు ఆవాలు ఒకే ప్లేటులో వేసి లెన్స్‌తో చూడండి. ఉత్త కంటికి కవలల్లా ఉంటాయి. లెన్స్ కింద బ్రహ్మదండి గింజ మీద వల అల్లినట్టు గీతలు కనిపిస్తాయి, ఆవగింజ నున్నగా ఉంటుంది. ఈ గింజల నూనెలోని సాంగ్వినరిన్ విషం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఇది కలిసి, కాళ్లు వాచే జబ్బుతో అరవై మందికి పైగా చనిపోయారు. చూడటం అయ్యాక ఆ ప్లేటును వంటింట్లోకి తేకండి, ఆవాలతో సహా పారేయండి.

కిందటేడు ఒక కుండీ ఖాళీగా మిగిలితే మా అత్తగారు వంటింటి డబ్బాలోని గసగసాలు చల్లుదామన్నారు. లైసెన్సు లేకుండా ఆ మొక్క పెంచడం 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద నేరం, డాబా మీద ఒక్క కుండీలో అయినా. "నీ చదువు నా కుండీని కూడా వదల్లేదే" అంటూ ఆవిడ ఆ గసగసాలను పాయసంలో వేశారు.