పట్టింది దెయ్యమా, జబ్బా? తేల్చకుండా హారర్ కథ రాయడం ఎలా

ఈ రకం కథల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఆఖరి పేజీలో. అక్కడిదాకా రెండు అనుమానాలనీ చక్కగా నడిపించి, చివర్లో గోడ మీద ఓ నీడో, డాక్టరు రిపోర్టో పెట్టి తేల్చేస్తారు. నేనూ రెండు కథలు అలాగే పాడుచేసుకున్నాను. దెయ్యం సంగతి తర్వాత చూద్దాం. ఆ ఇంట్లో ఎవరికి అది దెయ్యమైతేనే మేలు, ఎవరికి జబ్బైతేనే మేలు, ముందు అది రాసుకోండి.

ఓ ఇల్లు అనుకుందాం. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, డిగ్రీ రెండో ఏడు. వారంగా నిద్ర లేదు, షుగర్ ముదిరి చనిపోయిన నాయనమ్మ గొంతుతో మాట్లాడుతోంది. తల్లికి అది గాలి సోకడమే కావాలి, ఎందుకంటే గాలైతే అమావాస్యకి తీయించేస్తే పోతుంది, మెంటల్ అని పేరు పడితే పెళ్ళి కాదు. అన్నకి జబ్బే కావాలి. ముసలావిడ మంచాన పడ్డప్పుడు పిలిస్తే పలికినవాళ్ళు లేరు, నిజంగా ఆవిడే తిరిగొచ్చిందంటే ముందు అడిగేది వాణ్ణే. తండ్రి ఏమీ అనడు, తాయెత్తుకీ డబ్బులిస్తాడు, స్కానింగ్‌కీ ఇస్తాడు. చూశారా, భయపెట్టే సీను ఒక్కటీ రాయకుండానే ఇంట్లో గాలాడటం మానేసింది.

తర్వాత మాటలు. పూనకం వేరు, పట్టడం వేరు, ఈ తేడా తెలీకుండా రాస్తే ఊళ్ళో పెరిగినవాళ్ళు రెండో పేరాలోనే పుస్తకం మూసేస్తారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆవిడ ముందు మంత్రులు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు. అదే ఊపు, అదే గొంతు మార్పు, మంగళవారం మధ్యాహ్నం మీ ఇంటి వంటగదిలో వస్తే వేపమండలు తెస్తారు. ఒకే ఒళ్ళు, ఒక చోట దండం, ఇంకో చోట దెబ్బలు. మీ కథలో అమ్మాయిని చూసి పక్కింటావిడ మొదట దండం పెట్టి, నాలుగు రోజుల తర్వాత తన పిల్లల్ని లోపలికి లాక్కుంటే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు.

ఇక సంఘటనలు. ప్రతిదానికీ రెండు కారణాలు రాసి పెట్టుకోండి, రెండూ పూర్తిగా సరిపోవాలి. నాయనమ్మ గాజులు ఎక్కడ దాచిందో అమ్మాయి చెప్పేస్తుంది, సరే, కానీ ఆరేళ్ళప్పుడు ఆ గదిలోనే ఆవిడ పక్కన పడుకునేది. మందుల గురించి కాస్త చదివితే ఇంకా మంచి సరుకు దొరుకుతుంది. మానసిక జబ్బుకి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొందరికి మెడ ఓ పక్కకి మెలితిరిగిపోతుంది, కళ్ళు పైకి వెళ్ళి అక్కడే నిలిచిపోతాయి. అది సైడ్ ఎఫెక్ట్, విరుగుడు ఇంజెక్షన్‌తో తగ్గుతుంది. ఇప్పుడు తల్లి కళ్ళతో చూడండి: నిన్న మందు వేశాం, ఇవాళ మెడ తిరిగింది, అంటే లోపలున్నదానికి కోపమొచ్చింది. ఇంజెక్షన్ పడిన పది నిమిషాలకి భూతవైద్యుడు గుమ్మంలో కాలు పెడతాడు, అప్పుడే మెడ సర్దుకుంటుంది. మీరు అబద్ధం ఒక్కటీ ఆడలేదు, తల్లీ అన్నా ఇద్దరూ తమ మాటే గెలిచిందనుకుంటారు.

జరిగినవాటిలో రెండు కేసులు తప్పకుండా చదవండి. జర్మనీలో బవేరియాకి చెందిన అన్నెలీస్ మిషెల్‌కి మూర్ఛ వ్యాధి అని డాక్టర్లు చెప్పారు, 1975-76లో ఇంట్లోనే 67 సార్లు భూతవిమోచన క్రతువు చేశారు, 23 ఏళ్ళకే తిండీ నీళ్ళూ లేక చనిపోయింది, అప్పటికి బరువు 30 కిలోల చిల్లర. 1978లో తల్లిదండ్రులకీ ఇద్దరు చర్చి ఫాదర్లకీ శిక్ష పడింది. వాళ్ళు ఆమెని చంపాలనుకున్నవాళ్ళు కాదు, అక్కడే నాకు వెన్ను జలదరిస్తుంది. రెండోది మన దేశంలోదే, ఢిల్లీ బురారీ. 2018 జులై 1న ఒకే ఇంట్లో 11 మంది చనిపోయి కనిపించారు. దొరికిన డైరీల్లో, ఎప్పుడో పోయిన ఇంటి పెద్ద చెబుతున్నట్టుగా ఆదేశాలున్నాయి. కిరాణా షాపూ ప్లైవుడ్ షాపూ నడుపుకునే ఇల్లు, రెండు వారాల ముందే నిశ్చితార్థం జరిగింది. ఒకరి భ్రమ ఇంట్లో మిగతావాళ్ళకి పాకడాన్ని లాసెగ్, ఫాల్రే అనే ఫ్రెంచి డాక్టర్లు 1877లోనే వర్ణించారు. అరుపులకన్నా ఈ మామూలుతనాన్ని పట్టుకోండి, షాపు టైముకి తెరుచుకుంటుంది, పాలు కాగుతుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. జబ్బున్న మనిషిని కత్తి పట్టుకుని తిరిగే రాక్షసిని చేయకండి, అది అన్యాయం, పైగా పాత చింతకాయ పచ్చడి. ఇలాంటి ఇళ్ళల్లో ఎక్కువ దెబ్బలు తినేది ఆ మనిషే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే ఓ ప్రైవేటు ఆశ్రమం తగలబడితే 28 మంది కాలిపోయారు, గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. గొలుసు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది, కానీ మీ కథలో తండ్రి హార్డ్‌వేర్ షాపులో గొలుసు మీటర్ ఎంతని అడిగే సీను ఏ దెయ్యం సీనుకన్నా భయంగా ఉంటుంది.

ఎవరి కళ్ళతో చెప్పాలంటే, తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళతో. సగమే వింటారు కాబట్టి సగం పని వాళ్ళే చేసిపెడతారు. డాక్టర్నీ మంత్రాలాయననీ జోకర్లని చేయొద్దు, ఇద్దరూ ఓపిగ్గా, మర్యాదగా మాట్లాడాలి. అమ్మాయికి మధ్యమధ్యలో తెలివి రావాలి. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "అమ్మా, రాత్రి నేనేమన్నా అన్నానా?" అని అడగాలి. తల్లి "ఏం లేదులే, తిను" అనాలి. తల్లి మెడ మీద గాటు ఎక్కడిదో అమ్మాయి అడగకూడదు.

ముగింపుతో నేను నాలుగు నెలలు కుస్తీ పట్టాను. చివరికి ఇలా కుదిరింది. ఓ పొద్దున్న అమ్మాయి మామూలుగా లేచి జడ వేసుకుంటుంది. తల్లి తాయెత్తు పనిచేసిందని పసుపు కుంకుమలు సర్దుతోంది, అన్న మందు పట్టిందని డాక్టరుకి మెసేజ్ పెడుతున్నాడు. తమ్ముడు చెత్తబుట్ట బయట పెట్టబోతే అందులో టీ పొడి కింద పది మాత్రలూ అలాగే ఉన్న స్ట్రిప్పు, దాని పక్కన తెంపేసిన తాయెత్తు. లోపల్నుంచి అక్క గొంతు, ఎప్పట్లా హుషారుగా: "అమ్మా, కాఫీలో చక్కెర వెయ్యకు."