ఎస్‌డీ కార్డు బయటికి తీయకుండా కొత్త కెర్నల్ ఎక్కించడం

చేతిలో ఇమిడే లైనక్స్ పరికరం తయారు చేసేటప్పుడు, కెర్నల్ (లైనక్స్ మూల భాగం) మార్చిన ప్రతిసారీ మూత విప్పి మైక్రో ఎస్‌డీ కార్డు తీసి పెట్టడం పెద్ద విసుగు. స్లాటు కూడా త్వరగా వదులైపోతుంది.

ఆల్‌విన్నర్ చిప్ బోర్డుల్లో ఈ పని యూ-బూట్‌తోనే (పరికరం ఆన్ కాగానే కెర్నల్‌ని లేపే బూట్‌లోడర్) చేయించుకోవచ్చు. యూ-బూట్ కాన్ఫిగ్‌లో యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ కమాండ్ ఆన్ చేసి ఒకసారి బిల్డ్ చేసి కార్డులో రాసుకోండి. ఓటీజీ పోర్టును (బోర్డు యూఎస్‌బీ పరికరంలా పనిచేయగల పోర్టు) పీసీకి కలపండి. 3.3 వోల్టుల సీరియల్ కేబుల్‌తో, 115200 బాడ్ వేగంతో కన్సోల్ (కమాండ్లు కొట్టే తెర) తెరిచి, కౌంట్‌డౌన్ నడుస్తుండగా ఏదైనా కీ నొక్కి ఆపండి. తర్వాత 'యూఎంఎస్ 0 ఎంఎంసీ 0' (ums 0 mmc 0) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. మొదటి సున్నా యూఎస్‌బీ కంట్రోలర్‌ది, రెండోది కార్డుది. కార్డు పీసీలో మామూలు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. కెర్నల్ ఒక్కటే మారితే బూట్ పార్టిషన్‌లో జెడ్‌ఇమేజ్ (కెర్నల్ ఫైలు), డీటీబీ (బోర్డు హార్డ్‌వేర్ వివరాల ఫైలు) ఫైళ్లు కాపీ చేస్తే చాలు. రూట్ ఫైల్‌సిస్టమ్ (లైనక్స్ ప్రోగ్రాములు, ఫైళ్లు ఉండే భాగం) మారితే ఆ పార్టిషన్‌కి మాత్రమే డీడీ (ఇమేజ్‌ని నేరుగా డిస్క్ మీద రాసే కమాండ్) కొట్టండి, బ్లాక్ సైజు 4 ఎంబీ. అన్‌మౌంట్ అయ్యాకే కన్సోల్‌లో కంట్రోల్-సీ నొక్కాలి, లేదంటే సగం రాసిన ఫైళ్లు మిగులుతాయి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే పీసీలో ఏమీ కనిపించదు.

ఒక్క జాగ్రత్త: యూ-బూట్ లేవకపోతే ఈ దారి మూసుకుపోతుంది. బూట్‌లోడర్ కార్డు మొదట్లో, 8 కేబీ దగ్గర ఉంటుంది కాబట్టి మొత్తం డిస్క్ మీద డీడీ కొట్టకండి. అది చెడిపోతే కార్డు తీసి, ఫెల్ మోడ్‌లో (ఆల్‌విన్నర్ చిప్‌లోనే ఉండే యూఎస్‌బీ రికవరీ మోడ్) యూఎస్‌బీ ద్వారా యూ-బూట్‌ని ర్యామ్‌లోకి ఎక్కించాలి.