వియత్నాంలో రాత్రి బస్సు ఎక్కేముందు

దసరా, దీపావళి సెలవులకు వియత్నాం వెళ్లే మనవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. సన్నగా, పొడుగ్గా సాగిన దేశం అది. ఉత్తరాన ఉన్న హనోయ్ నుంచి దక్షిణాన హో చి మిన్ నగరానికి రైలు మార్గమే 1,726 కిలోమీటర్లు. అందుకని చాలామంది ఊరూరికీ రాత్రి స్లీపర్ బస్సు పెట్టుకుంటారు. టికెట్ చవక, హోటల్ అద్దె కూడా మిగులుతుంది. మైదానంలో, పొడి వాతావరణంలో ఈ లెక్క బాగానే ఉంటుంది. కొండదారిలో, వానల్లో మాత్రం ఆ అద్దె మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతాను.

ముందు వానల సంగతి తెలుసుకోవాలి. అక్కడ దేశమంతటా ఒకేసారి వానాకాలం రాదు. ఉత్తరాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురుస్తుంది. హ్యూ, డా నాంగ్, హోయాన్ ఉన్న మధ్య తీరానికి అసలు గండం అక్టోబరు, నవంబరు నెలల్లోనే, అంటే సరిగ్గా మన పండుగ సెలవుల్లో. 2024 సెప్టెంబరులో యాగీ తుపాను తర్వాత ఉత్తరాన కావ్ బాంగ్ రాష్ట్రంలో కొండచరియలు విరిగి, వరద ముంచెత్తి, ప్రయాణికులతో ఉన్న ఒక బస్సు కొట్టుకుపోయింది. 2025 నవంబరులో న్యా ట్రాంగ్, దా లాత్ మధ్య ఖాన్ లే కనుమలో బస్సు మీద కొండచరియ పడి ప్రయాణికులు చనిపోయారు. రెండూ పర్యాటకులు తిరిగే ప్రాంతాలే.

కాబట్టి సాపా, హా జాంగ్, దా లాత్ వంటి కొండ ఊళ్లకు పగటి బస్సే ఎక్కండి. సాపాకు ఇంకో మంచి దారి ఉంది: హనోయ్‌లో రాత్రి రైలెక్కి లావ్ కాయ్‌లో దిగితే, మిగిలిన ఘాట్ రోడ్డు తెల్లవారాక ఎక్కవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో డా నాంగ్ వైపు వెళ్లాలంటే విమానం నయం. తిరుగు విమానానికి ముందు రెండు రోజులైనా ఖాళీ ఉంచుకోండి. టికెట్లు అమ్ముతున్నారంటే దారి బాగుందని కాదు. బయల్దేరే ముందురోజు వాతావరణ హెచ్చరికలు చూడండి, హోటల్‌లో అడగండి. కుండపోత అని తెలిస్తే టికెట్ డబ్బులు పోయినా సరే, ఆగిపోండి.

జనవరి చివర, ఫిబ్రవరి నెలల్లో వెళ్లేవారు టెట్ తేదీలు చూసుకోవాలి. అది వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు అక్కడ నగరాలన్నీ సొంతూళ్లకు కదులుతాయి. ఛార్జీలు పెరుగుతాయి, సీట్లు దొరకవు. నడవలో కూడా మనుషులను పడుకోబెట్టిన బస్సయితే ఎక్కకండి, ప్రమాదం జరిగితే బయటపడే దారి ఉండదు.

ఇక బస్సు లోపల. మెట్టు ఎక్కగానే చెప్పులు విప్పించి, వాటికి ఒక ప్లాస్టిక్ కవరు ఇస్తారు. మామూలు బస్సుల్లో మూడు వరుసలు, ఒక్కో వరుసలో కిందా పైనా పడకలు. మన కాళ్లు ముందువారి తలకింద ఉండే ఇరుకైన డబ్బాలోకి పోతాయి. ఆరడుగుల మనిషి మోకాళ్లు ముడుచుకునే పడుకోవాలి. కింది పడక, బస్సు మధ్య భాగంలోది అడగండి. చాలా బస్సుల్లో చిట్టచివర పడకలు అడ్డు లేకుండా పక్కపక్కనే ఉంటాయి, ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు వాటిని తీసుకోవద్దు. సీటు బెల్టు పరుపు సందులో దూరిపోయి ఉంటుంది. చెయ్యి పెట్టి పైకి లాగి పెట్టుకోండి. తర్వాత అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో, అత్యవసర ద్వారం ఎటువైపుందో చూడండి. 2013లో పాలెం దగ్గర 45 మందిని, 2025లో కర్నూలు దగ్గర మరెందరినో బస్సు మంటల్లో పోగొట్టుకున్నవాళ్లం మనం. పరాయి దేశంలో ఈ ఒక్క నిమిషం బద్ధకించకూడదు.

అక్కడి చట్టం ప్రకారం డ్రైవరు ఏకబిగిన 4 గంటలకు మించి నడపకూడదు. రాత్రంతా సాగే ప్రయాణమైతే రెండో డ్రైవరు ఉన్నాడా అని టికెట్ కొనేటప్పుడే అడగండి. పాస్‌పోర్టు, డబ్బు ఒంటిమీదే ఉండాలి, డిక్కీలో వేసే సంచిలో కాదు. ఏసీ వణికిస్తుంది, ఒక శాలువా పెట్టుకోండి. చాలా బస్సుల్లో మరుగుదొడ్డి ఉండదు. దారిలో ఆపే చోట శాకాహారులకు దొరికేది తక్కువ, తినేది వెంట ఉంచుకోండి.

దిగే చోటు విషయంలో ఎక్కువమంది ఇబ్బంది పడతారు. నిన్ బిన్ వంటి ఊళ్లలో దూర ప్రాంతపు బస్సు ఊళ్లోకి రాకుండా, తెల్లవారుజామున మూడింటికి హైవే మీదే దించి వెళ్లిపోవచ్చు. పెద్ద నగరాల్లో బస్టాండ్లు కూడా ఒకటి కాదు: హనోయ్‌లో మీ దిన్, యాప్ బాత్, యా లామ్ వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి. దిగే స్థలం ఏమిటో, ఎన్నింటికో టికెట్ మీద రాయించుకోండి. ఫోనులో పటం తెరిచి, స్థలం దగ్గరపడుతుంటే చూసుకుంటూ ఉండండి. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, దిగి రోడ్డు దాటాలంటే ముందు ఎడమవైపు చూడాలి. చీకట్లో వచ్చే తెలియని టాక్సీ కాకుండా గ్రాబ్ యాప్‌లో బండి పిలవండి. డబ్బిచ్చేటప్పుడు 20,000, 5,00,000 డాంగ్‌ల నోట్లు రెండూ నీలి ఛాయలోనే ఉంటాయి, సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి. పోలీసులకు 113, అంబులెన్సుకు 115.

హో చి మిన్ నగరం నుంచి కంబోడియా రాజధాని నోమ్ పెన్‌కు కూడా బస్సులున్నాయి. మోక్ బాయ్ సరిహద్దు దగ్గర బస్సు సహాయకుడు అందరి పాస్‌పోర్టులూ తీసుకెళతాడు. తిరిగి ఇచ్చాక ముద్ర పడిందో లేదో అక్కడే చూసుకోండి. మళ్లీ వియత్నాం రావాలనుకుంటే 25 డాలర్ల ఒకసారి ప్రవేశపు ఈ-వీసా చాలదు, దేశం దాటగానే అది చెల్లకుండా పోతుంది. దరఖాస్తు చేసేటప్పుడే పలుసార్లు ప్రవేశించనిచ్చే 50 డాలర్ల వీసా తీసుకోండి.