వానాకాలంలో హబ్ గేర్ సైకిల్: పంక్చర్ వేయించాక ఎక్కే ముందు ఇవి చూడండి

పోయిన వారం మా వీధి కుర్రాడు యూసుఫ్‌గూడ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు ఎత్తు ఎక్కుతూ పడ్డాడు. సీటు మీంచి లేచి నిలబడి బలంగా తొక్కుతుండగా పెడల్ ఒక్కసారిగా ఖాళీగా జారిపోయింది. బరువంతా హ్యాండిల్ మీద పడి, అక్కణ్ణించి రోడ్డు మీదికి వచ్చాడు. కాలర్ బోన్ విరిగింది. వెనకాల వస్తున్న బస్సు కాస్త దూరంలో ఉండబట్టి ప్రాణానికి ముప్పు తప్పింది.

తర్వాత ఆ సైకిల్ నేనే చూశాను. అది హబ్ గేర్ సైకిల్, అంటే గేర్లన్నీ వెనక చక్రం మధ్యనున్న డబ్బా (హబ్) లోపలే ఉంటాయి. చైన్ బాగుంది, పళ్లు అరగలేదు. నాలుగో గేర్‌లో పెట్టి వెనక చక్రం కుడి పక్కన చూస్తే, ఒకదానికొకటి ఎదురుగా ఉండాల్సిన రెండు పసుపు గీతల మధ్య గోరు మందం తేడా ఉంది. ముందు రోజు సాయంత్రమే పంక్చర్ వేయించుకున్నాడట.

హెల్మెట్, లైటు, బ్రేకుల గురించి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒకే ఒక్క పొరపాటు గురించి: వెనక చక్రం విప్పి బిగించాక, గీతలు చూడకుండా సైకిల్ ఎక్కడం. ఎంతోమంది హబ్బులు పాడైంది దీనివల్లే. వానలు పడితే పంక్చర్లు పెరుగుతాయి. తడి టైరుకు గాజు ముక్కలు, ఇనుప రజను అతుక్కుని, తిరిగే కొద్దీ లోపలికి దిగుతాయి. అంటే చక్రం విప్పడమూ పెరుగుతుంది. మన పంక్చర్ షాపుల్లో చేసేవాళ్లకు మామూలు సైకిళ్లు కొట్టిన పిండే. కానీ హబ్ గేర్ వాళ్ల దగ్గరికి వచ్చేది అరుదు. వైరు మళ్లీ తగిలిస్తారు, నట్లు బిగిస్తారు, చక్రం తిరిగితే సరిపోయిందనుకుంటారు. తప్పు వాళ్లది కాదు, చూసుకోవాల్సింది మనం.

గీతలు ఎలా చూడాలి

మీది షిమానో కంపెనీ హబ్ నెక్సస్ 7, 8, ఆల్ఫీన్ 8 అయితే షిఫ్టర్‌ని (హ్యాండిల్ మీద గేర్ మార్చేదాన్ని) నాలుగులో పెట్టండి. ఆల్ఫీన్ 11 అయితే ఆరులో. వెనక చక్రం కుడి పక్కన, వైరు వచ్చి తగిలే చోట రెండు గీతలుంటాయి. కదలని భాగం మీద ఒకటి, గేర్ మారుస్తుంటే తిరిగే భాగం మీద ఒకటి. రెండూ సూటిగా కలవాలి. కలవకపోతే, వైరు ఔటర్ (పైనున్న తొడుగు) చివర చేత్తో తిప్పే స్క్రూ ఉంటుంది, దాన్ని కొద్దికొద్దిగా తిప్పండి. కలిశాక ఒకటో గేర్‌కి తీసుకెళ్లి మళ్లీ నాలుగుకి తెచ్చి ఇంకోసారి చూడండి. చాలామంది ఈ రెండోసారి చూడటం వదిలేస్తారు. ఔటర్ తన గాడిలో సరిగ్గా కూర్చోకపోతే ఆ రెండోసారే బయటపడుతుంది.

నెక్సస్ 3 అయితే రెండో గేర్‌లో చూడాలి. పాత స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్‌కి కూడా రెండే. దాంట్లో కుడి పక్క నట్టుకున్న కంతలోంచి చూస్తే, చిన్న గొలుసు తగిలిన కడ్డీ భుజం యాక్సిల్ (చక్రం ఇరుసు) చివరికి సమానంగా కనిపించాలి. ఈ హబ్‌లో రెండుకీ మూడుకీ మధ్య ఏ గేరూ పడని ఖాళీ చోటు ఉంది. వైరు కాస్త వదులైతే పెడల్ ఆ ఖాళీలోకి పోతుంది, ఎత్తు మీద నిలబడి తొక్కేవాడు ముందుకి పడతాడు. ఇంకో సంగతి, దీంట్లో ముందు చైన్ బిగువు సరిచేసి, ఆ తర్వాతే వైరు ముట్టుకోవాలి. చక్రం వెనక్కో ముందుకో జరిగితే వైరు బిగువు కూడా మారిపోతుంది.

గీతలు కలవకుండా తొక్కితే లోపలి పళ్లు సగం సగం పట్టుకుంటాయి. మెల్లగా తొక్కినప్పుడు ఏమీ తెలియదు. బలం పడగానే జారుతాయి, జారిన ప్రతిసారీ అంచులు కొద్దిగా చిట్లుతాయి. అంచులు చిట్లాక వైరు ఎంత సరిచేసినా జారుడు పోదు. రెండు నిమిషాల పని వదిలేసినందుకు హబ్ లోపలి భాగమంతా మార్చాల్సి వస్తుంది, అది మన ఊళ్లో వెంటనే దొరకదు కూడా.

జారుతున్నది ఏది

పెడల్ జారగానే హబ్ పోయిందనుకుని విప్పించేయకండి. అన్ని గేర్లలోనూ జారుతుంటే ముందు చైన్‌నీ పళ్లనీ అనుమానించండి. చైన్ పళ్ల మీంచి దాటినప్పుడు కటకటమని బయటే వినిపిస్తుంది. కొన్ని గేర్లలోనే జారుతూ, లోపల టక్కుమంటుంటే అది ఎక్కువగా వైరు సంగతే. గేర్ ఒకవైపు వెంటనే పడి, రెండోవైపు ఆలస్యంగా పడుతోందంటే ఔటర్‌లో నీళ్లు, మట్టి చేరి వైరు తుప్పు పట్టిందన్నమాట. వైరు, ఔటర్ రెండూ మార్చేయండి, నూనె పోసి నెట్టుకు రావద్దు. ఇవన్నీ బాగుండి, గీతలు కలిసి కూడా జారుతుంటే అప్పుడు హబ్ తెలిసినవాళ్లకు చూపించండి. అప్పటిదాకా తొక్కడం ఆపండి.

చైన్ కొలవడం సులువు. ఒక పిన్ను మధ్య నుంచి స్కేలు పెడితే పన్నెండు అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటి సాగితే మార్చే వేళయింది. ఎనిమిదో వంతు దాకా సాగనిస్తే వెనక పళ్లు కూడా మార్చాలి.

చక్రం బిగించేటప్పుడు

యాక్సిల్‌కి రెండు పక్కలా ఒక్కో పంటి వాచర్ ఉంటుంది. పన్ను ఫ్రేము గాడిలోకి వెళ్లి, తొక్కుతున్నప్పుడు యాక్సిల్ తిరిగిపోకుండా ఆపుతుంది. కుడిదీ ఎడమదీ వేరు, వాటి మీద ఆర్, ఎల్ అక్షరాలుంటాయి. షాపులో కింద పెట్టినప్పుడు తారుమారయ్యేవి ఇవే. విప్పే ముందే ఫోన్‌తో రెండు పక్కలా ఫొటో తీసుకోండి. వాచర్ తప్పు పక్కన పడితే యాక్సిల్ కదులుతుంది, దాంతో గీతలూ తప్పుతాయి.

నట్లకు 15 నంబర్ పానా. షిమానో చెప్పే బిగువు 30 నుంచి 45 న్యూటన్ మీటర్లు. బొటనవేలంత పానాతో అది రాదు.

రోలర్ బ్రేకో, కోస్టర్ బ్రేకో (రెండూ హబ్ దగ్గరే ఉండే బ్రేకులు) ఉంటే దాని చేతిని, అంటే పక్కకి చాచి ఉండే ఇనుప పట్టెను, ఫ్రేముకి పట్టీతో బిగించారా లేదా చూడండి. వదిలేస్తే బ్రేకు వేయగానే ఆ చెయ్యి గిర్రున తిరిగి చక్రం పట్టేస్తుంది.

చైన్ పైకీ కిందకీ అర అంగుళం ఆడాలి. పెడల్ ఒక చుట్టు తిప్పి, ఎక్కడ అన్నిటికంటే బిగుతుగా ఉందో అక్కడ చూడండి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే గుంతలో చైన్ ఊడుతుంది.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

పంక్చర్ వేయించాక నాలుగో గేర్ (లేదా మీ హబ్‌కి పైన చెప్పిన గేర్), గీతలు. మళ్లీ చెబుతున్నాను, చూడకుండా ఎక్కవద్దు.

చూశాక కూడా మొదటి కొంత దూరం చదునులో, సీటు మీద కూర్చునే తొక్కండి.

బలంగా తొక్కుతూ గేర్ మార్చవద్దు. ఒక క్షణం కాలు సడలించి మార్చండి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా ఈ హబ్‌లో గేర్ మారుతుంది, ఎత్తు మొదలయ్యే ముందే మార్చేసుకోండి.

మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద, రాజ్‌భవన్ రోడ్డులో యాక్సిల్ మునిగేంత నీళ్లు నిలిస్తే దిగి పక్కనుంచి నడవండి. వేడెక్కిన హబ్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లను లాక్కుంటుంది.

మునిగిందా, ఎండలో పెట్టి ఆరింది లెమ్మనుకోవద్దు. లోపల గ్రీజు ఉన్న హబ్ అయితే విప్పించి మళ్లీ పట్టించాలి. ఆల్ఫీన్ 11లో నూనె తీయించండి. పాలలా తెల్లగా వస్తే నీళ్లు చేరినట్టే.

సర్వీసింగ్ దగ్గర నీళ్ల గన్ను హబ్ మీదికి తిప్పనివ్వవద్దు.

హబ్ లోపలికి కిరోసిన్ వద్దు. స్ప్రేలు వద్దు.

వానలో తడిసి వచ్చిన రోజే చైన్ తుడిచి నూనె వేయండి. రేపటికి వాయిదా వేయవద్దు.

జారుతున్న సైకిల్‌ని ఇంకెవరికీ ఇవ్వవద్దు, పిల్లలకు అసలే ఇవ్వవద్దు.

షాపువాళ్లు అంతా చూసేశామన్నా సరే, అక్కడే నిలబడి, నాలుగులో పెట్టి, ఒకటికి వెళ్లి వెనక్కి తెచ్చి, గీతలు మీ కళ్లతో చూసుకున్నాకే డబ్బులిచ్చి బయలుదేరండి.