శివరాత్రికి మహేంద్రగిరిపై సేవ: కుర్రాళ్ల జట్టుకు లీడరయ్యే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని మహేంద్రగిరి కొండ ఎక్కే భక్తులకు సాయంగా పర్లాకిమిడి నుంచి జట్టును తీసుకెళ్లడం మీకు మొదటిసారా? ముందురోజే ఇవి చూసుకోండి.

• 18 ఏళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల సంతకంతో కాగితం. ఫోన్లో "సరే, పంపిస్తాం" అంటే చాలదు.

• కొండ ఎత్తు దాదాపు 1,500 మీటర్లు. పగలు చెమట, రాత్రి వణుకు. స్వెటర్ తేనివాణ్ణి ఎక్కనివ్వకండి.

• కొత్తవాడికి పాతవాణ్ణి జత చేయండి. ప్రతి గుంపులో ఒడియా, వీలైతే అక్కడి గిరిజనుల సవర భాష కూడా వచ్చినవాళ్లు ఉండాలి. దారి తప్పిన ముసలమ్మకు తెలుగు రాకపోవచ్చు కదా!

• భీముడి గుడి దగ్గర ఎవరు, కుంతి గుడి దగ్గర ఎవరు, ఎప్పుడు మారాలి, ఎక్కడ కలవాలి: అన్నీ కాగితం మీద రాసివ్వండి. సిగ్నల్ పోతే వాట్సాప్ గ్రూపు ఎందుకూ పనికిరాదు.

• జాగారమని అందరూ మేలుకుంటే తెల్లారి దిగేటప్పుడు కాళ్లు తడబడతాయి. వంతులవారీగా పడుకోవాలి, లీడర్‌తో సహా. ఈ ఒక్కమాటే ఎవరూ వినరు.

• ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌కు లీటరు నీళ్లు. గ్లాసులో కలిపేయకూడదు.

• తోపులాట మొదలైతే హీరోయిజం వద్దు; పోలీసులకు చెప్పండి, లేదా 112.

• పొరపాటు చేసినవాణ్ణి జనంలో తిట్టకండి, పక్కకు పిలిచి చెప్పండి.

• దిగే ముందు మళ్లీ హాజరు.