కారు ఫ్యూజు మార్చే ముందు జాగ్రత్తలు

- ఇంజన్ ఆపి తాళం తీయండి. చేతికున్న ఉంగరం, గడియారం కూడా. 12 వోల్టులు షాక్ కొట్టవు గానీ, ఉంగరం తగిలి షార్టయితే బ్యాటరీ వందల ఆంపియర్లు తోస్తుంది.

- పోయిన ఫ్యూజును వెలుతురులో చూడండి. లోపలి రేకు మధ్యలో తెగి ఉంటే బహుశా లోడు ఎక్కువైంది. ప్లాస్టిక్ లోపలంతా నల్లగా మసి పట్టి ఉంటే షార్టే అనుకోండి; అది దొరికేదాకా కొత్తది పెట్టకండి.

- అదే ఆంపియర్‌ది పెట్టండి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20. మాటిమాటికీ పోతోందని 10 బదులు 20 పెడితే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది. అసలు ఫ్యూజు ఉన్నదే వైరును కాపాడటానికి!

- రాగి తీగ, సిగరెట్ రేకు చుట్టడం అస్సలు వద్దు.

- కొత్తగా లైట్లు బిగిస్తే ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోనే ఉండాలి.